ఐదో పేజీలో గులాబ్ బీ

మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
జూన్ 14

నా బిడ్డ ఖుష్బూకి,

నీ ఫుప్పు గులాబ్ బీ దువాలు. నువ్వు, అల్లుడు వలీ, చిన్నారి మహెక్ ముగ్గురూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మీ నాన్న బాగానే ఉన్నాడు. నా సంగతి మాత్రం అడగకు. నేను చచ్చిపోయాను.

ఎప్పుడు అంటావా? నువ్వు పంపిన పుస్తకంలో, ఐదో పేజీలో.

పార్సిల్ మొన్న అందింది. ‘బొంత కింద లోకం’ అనే అట్ట మీద నీ పేరు చూసి కళ్ళకద్దుకున్నాను. నా అన్న కూతురు పిల్లల పుస్తకం రాసిందని పక్కింటి హదస్సాను పిలిచి మరీ చూపించాను. ఇద్దరం చాయ్ తాగుతూ చదవడం మొదలుపెట్టాం. ఒక చిన్నపిల్ల, ఆమెకో అమ్మమ్మ. పాత బట్టల ముక్కలన్నీ కలిపి ఆ అమ్మమ్మ ఒక బొంత కుడుతుంది. పడుకునేటప్పుడు పిల్ల ఏ ముక్క మీద చెయ్యి పెడితే ఆ ముక్కలోని కల వస్తుంది. ఇంతవరకూ బహుత్ ఖూబ్. పేజీ తిప్పితే ఏముంది? అమ్మమ్మ చుక్కల్లో కలిసిపోయింది! హదస్సా ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి కదా, వెంటనే నా చెయ్యి పట్టుకొని నాడి చూసింది.

అది నేను కాదంటావేమో. గడ్డం మీద పుట్టుమచ్చ ఎవరిది? కళ్ళద్దాలకు దారం కట్టుకునేది ఎవరు? పోనీ నన్నే గీయించావు, సరిగ్గానైనా గీయించావా? నోట్లో ఒక్క పన్ను లేదు, నడుము కొడవలిలా వంగింది. బిడ్డా, నాకు యాభై తొమ్మిది. ఒక్కటి తప్ప పళ్ళన్నీ ఉన్నాయి. స్కూటీ మీద మోండా మార్కెట్‌కు పోయి దారపు రీళ్ళు తెచ్చుకుంటున్నాను.

మీ అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్ళు. ఆ బొంత కింద నిన్ను పడుకోబెట్టి రోజుకో కల అల్లి చెప్పింది నేను. కథలు తీసుకున్నావు, సంతోషం. ప్రాణం కూడా తీసుకోవాలా?

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ నా ఆల్టరేషన్ షాపంటే ఇంటి ముందు గదే కదా, మీ నాన్న పొద్దున్నుంచి ఆ గదిలోనే ఉర్దూ పేపర్ పట్టుకొని కూర్చుంటాడు. ఫోన్ మోగితే చాలు, "ఎవరు? ఏమంటున్నరు? జెర స్పీకర్ల పెట్టు" అంటాడు. తెలుగు మాత్రం ఒక్క అక్షరం చదవలేడు. అందుకే ఈ ఉత్తరం. ఆయన చేతికే ఇచ్చి డబ్బాలో వేయిస్తాను. నోటితో ఎట్లా మాట్లాడినా కాగితం మీద నాకు పుస్తకాల తెలుగే వస్తుంది. స్కూల్లో శారదమ్మ టీచర్ బెత్తం మహిమ అది.

వెంటనే నన్ను బతికించు.

నీ (స్వర్గీయ) ఫుప్పు,
గులాబ్ బీ


హనుమకొండ
జూన్ 22

అస్సలాము అలైకుం ఫుప్పూ,

ఉత్తరం వచ్చిందంటే బతికే ఉన్నావన్నమాట. అల్‌హమ్దులిల్లాహ్.

ముందు నా మొర విను. ఆ అమ్మమ్మను చంపింది నేను కాదు, యామిని గారు. పుస్తకం వేసేది ఆమె. "పిల్లల పుస్తకం కొనేది తల్లులు. తల్లికి కన్నీళ్ళు రాకపోతే పర్సు తెరవదు" అంటారావిడ. ఐదో పేజీలో ముసలామె పోతేనే ఆరో పేజీలో మాయ మొదలవుతుందట. పుట్టుమచ్చ విషయంలో మాత్రం తప్పు నాదే. బొమ్మలు గీసే అమ్మాయి ఎవరైనా ముసలివాళ్ళ ఫోటో కావాలంటే రంజాన్ నాటి నీ ఫోటో పంపాను. నీ వయసుకు ఆమె సొంతంగా పాతికేళ్ళు కలిపింది.

నీకు పంపింది నమూనా కాపీ మాత్రమే. అసలు ప్రింటు దసరా తర్వాత. కాబట్టి బొమ్మలో పళ్ళు పెట్టిస్తాను, నడుము నిటారుగా నిలబెట్టిస్తాను. ప్రాణం సంగతే కష్టం.

ఒక్క మాట అడగనా? పోయినేడు డాక్టర్ నీకు బీపీ ఉందన్నప్పుడు, "పోతే పోత. మిషిన్ హదస్సాకియ్యుండ్రి" అని నవ్వావు. అప్పుడు నిజంగా పోతానంటేనే నవ్విన మనిషివి, ఇప్పుడు బొమ్మలో పోయినందుకు ఇంత లొల్లి ఎందుకు?

మహెక్ నీ మీద ప్రాణం పెట్టుకుంది. రోజూ ఆ పుస్తకం చదివించుకొని, అసలు బొంత కప్పుకొనే నిద్రపోతోంది. ఇది ఎవరి చొక్కా, అది ఎవరి లంగా అని ఒకటే ప్రశ్నలు. నువ్వు చెప్పిన కలలకు నేనూ కొన్ని కల్పించి కలిపాను గానీ, ఆ ముక్కలు నిజంగా ఎక్కడివో నాకూ తెలియదు. రాసి పంపు.

నీ ఖుష్బూ


మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
జులై 3

ఖుష్బూకి,

పళ్ళు పెట్టిస్తానన్నావు, షుక్రియా. నోటి నిండా పళ్ళతో చచ్చిపోతాను.

ముక్కల సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను, తర్వాత ఏడవకు. నీలం ముక్క ఆకాశంలోంచి కత్తిరించి తెచ్చిందనీ, దాన్ని తాకితే ఎగిరే కల వస్తుందనీ రాశావు. అది మీ నాన్న బెల్‌బాటమ్ ప్యాంటు. పిలవని పెళ్ళికి బిర్యానీ కోసం గోడ దూకబోయి చించుకున్నాడు. ఎగిరిన మాట నిజమే గానీ, దిగడమే సరిగ్గా దిగలేదు.

పసుపు చుక్కల ముక్కలో పొద్దుతిరుగుడు తోట కల ఉందన్నావు. అది నీ ఒకటో తరగతి గౌను, బొంతకు తర్వాత అతికించిన ముక్క. జెండా పండుగ రోజు బడిలో అందరి ముందూ తడిపేసుకున్నది ఆ గౌనులోనే. తోట తీసేసి నది పెట్టు.

ఎర్ర మఖ్మల్ ముక్క తాకితే పిల్ల రథమెక్కి ఊరంతా తిరుగుతుందని రాశావు. అదొక్కటి తెలియకుండానే నిజం రాశావు. అది మీ ఫుప్పా ఆటో సీటు. పెళ్ళైన కొత్తలో ఆయన నన్నందులో కూర్చోబెట్టుకొని ట్యాంక్‌బండ్ దాకా తిప్పేవాడు. రెండేళ్ళకే కామెర్లతో పోయాడు. ఆటో అమ్మేశాం, సీటు బట్ట మాత్రం నేను ఉంచుకున్నాను.

సరే, ఇక్కడి కబుర్లు. షాపు బాగానే నడుస్తోంది. సైనిక్‌పురి నుంచి కొత్త గిరాకీ ఒకాయన వస్తున్నాడు. పేరు తాజుద్దీన్, రిటైర్డ్ హవల్దార్. మిలిటరీ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. హవల్దార్ సాబ్ బ్యాండు కోటు ఇప్పుడు ఆయనకు వదులైంది, దాన్ని బిగించాలి. సైనిక్‌పురిలో టైలర్లు లేరా అంటే, "ఉన్నరు, కానీ కోటు ఇజ్జత్ తెలిసినోళ్ళు లేరు" అన్నాడు. హవల్దార్ సాబ్‌కు చాయ్‌లో చక్కెర తక్కువుండాలి.

పోయిన వారం ఆయన వెంట మనవరాలు జోయా వచ్చింది. మన మహెక్ ఈడే. హవల్దార్ సాబ్ కోటు వేసి చూసుకునేలోపు ఆ పిల్ల మిషిన్ మీదున్న నీ పుస్తకం తీసి చదివింది. ఐదో పేజీ దాకా వచ్చింది. పుస్తకంలో నా బొమ్మ చూసింది, తలెత్తి నన్ను చూసింది. కెవ్వుమని అరిచి వాళ్ళ తాత వెనక దాక్కుంది. "దాదా! ఈమె చచ్చిపోయింది! చచ్చిపోయినంక మళ్ళ ఎట్ల కుడుతుంది?"

నేను సిగ్గుతో చచ్చాను, ఈసారి నిజంగానే. హవల్దార్ సాబ్ మాత్రం మొహంలో నవ్వు కనబడనీయకుండా, "లేదు బేటా. కొంచెం వదులైంటది, ఆల్టరేషన్ చేయించుకొని వాపస్ వచ్చింది" అన్నాడు.

మీ నాన్న పేపర్ పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఎందుకు నవ్వాలో ఆయనకు తెలియదు, ఐనా నవ్వాడు.

కాబట్టి చూడు, నీ వల్ల పసిపిల్లలు జడుసుకుంటున్నారు. బతికించు.

గులాబ్ బీ


హనుమకొండ
జులై 11

ఫుప్పూ,

నీ ఉత్తరం వలీకి చదివి వినిపించాను. బెల్‌బాటమ్ దగ్గర ఆయన కింద పడి దొర్లాడు. గౌను దగ్గర నేను చదవడం ఆపేశాను, ఆయన లాక్కొని చదివాడు. ఇంట్లో నాకు పరువు లేకుండా చేశావు, షుక్రియా.

మఖ్మల్ ముక్క సంగతి మాత్రం ఇద్దరం రెండుసార్లు చదువుకున్నాం.

ఇక అసలు విషయం. ఉత్తరంలో ‘హవల్దార్ సాబ్’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టబోయి మానేశాను. మా నాన్న పేరు కూడా అన్నిసార్లు రాయలేదు నువ్వు. వచ్చే గిరాకీల్లో ఎవరికి చక్కెర ఎంతో నాకెప్పుడైనా రాశావా? మూడు ఇళ్ళ అవతలి కల్పలత ఆంటీకి పాతికేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నావు, ఆవిడ చాయ్ తాగుతుందో లేదో కూడా నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఒక కోటు బిగించడానికి ఎన్నాళ్ళు పడుతుంది ఫుప్పూ?

యామిని గారికి నీ కోరిక చెప్పాను. "సరే, ఈ పుస్తకంలో బతికిద్దాం. అయితే రెండో పుస్తకంలో పోతుందా?" అని అడిగారు. కాబట్టి మన మధ్య బేరం ఇదీ. నువ్వు నిజం రాయి, నేను ప్రాణం పోస్తాను.

ఖుష్బూ


మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
ఆగస్టు 2

ఖుష్బూ బేటీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేశాను, మళ్ళీ మొదలుపెట్టాను. "ఏందీ, పుస్తకం నువ్వు సుత రాస్తున్నవా?" అని మీ నాన్న అడుగుతున్నాడు. పక్కనే ఉన్నాడు. నా పెన్నుకు రీఫిల్ తెచ్చి ఇచ్చింది కూడా ఆయనే.

కోటు ఎప్పుడో బిగించి ఇచ్చేశాను. వారం తిరగకముందే హవల్దార్ సాబ్ వచ్చాడు, గుండీ ఊడిందన్నాడు. కుట్టాను. తర్వాతి వారం ఇంకో గుండీ. ఆ తర్వాత మరొకటి. నా చేత్తో గట్టిగా కుట్టిన గుండీలవి, అట్లా ఊడవు. అనుమానమొచ్చి దారం చూశాను. అరిగి తెగిన దారానికి పీచు ఉంటుంది. ఇది నున్నగా బ్లేడుతో కోసి ఉంది.

మీ నాన్న నమాజ్‌కు పోయిన టైమ్ చూసి అడిగేశాను. "హవల్దార్ సాబ్, గుండీలు అవే ఊడుతున్నయా, మీరు ఊడదీస్తున్నరా?"

ఆ మనిషి చెవులు ఎర్రబడ్డాయి. కోటు వైపు చూస్తూ, "కోటుకు నాలుగే గుండీలున్నయ్ గులాబ్ బీ. అయిపోయినంక ఏం చేయాల్నో సమజ్ అయితలేదు" అన్నాడు.

నేను నవ్వాను. బిడ్డా, ఎంత నవ్వానంటే గోడ అవతల నుంచి హదస్సా, "ఏమైందమ్మా?" అని కేకేసింది. నవ్వు ఆగాక చూస్తే ఆయన ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు. "నేను మజాక్ చేస్తలేను. నిఖా చేసుకుందామని అడుగుతున్న" అన్నాడు.

ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు. వాళ్ళను ముందే అడిగి, వాళ్ళు సరేనన్నాకే నా దగ్గరకు వచ్చాడు. జోయాను కూడా అడిగాడట. "చచ్చిపోయినామె కదా, పర్వాలేదా?" అందట ఆ పిల్ల.

నేను ఔననలేదు, కాదనలేదు. మా ఖుష్బూను అడిగి చెబుతానన్నాను. మీ నాన్నను కాదు, నిన్ను.

ఇరవై రెండేళ్ళకే నా పెట్టె సర్దుకొని అన్న ఇంటికి వచ్చాను. అప్పటినుంచి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. బట్టల కొలతలు తప్ప. ఇప్పుడు ఒక మనిషి వచ్చి, నీకేం కావాలని అడిగాడు. ఏం కావాలో నాకే వెంటనే తోచలేదు. తర్వాత తోచింది.

నువ్వేమంటావో రాయి. మీ నాన్నకు చక్కెర డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు, అదొక్కటే నా పరేషానీ.

నీ ఫుప్పు


హనుమకొండ
ఆగస్టు 12

గౌరవనీయులైన ఫుప్పు గారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం.

మీరు రాసిన విషయం చాలా పెద్దది. బాగా ఆలోచించే రాసి ఉంటారు. అబ్బా గురించి కూడా ఆలోచించారనుకుంటాను. ఆయనకు అరవై ఆరేళ్ళు. ఒంటరిగా ఉండడం ఆయనకు అలవాటు లేదు. మారేడ్‌పల్లిలో మనల్ని ఎరిగినవాళ్ళు ఏమనుకుంటారో కూడా మీకు తెలియంది కాదు.

నాకు బడిలో పరీక్షల పని ఎక్కువగా ఉంది. పుస్తకం పని ప్రస్తుతానికి ఆపాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
ఖుష్బూ


మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
ఆగస్టు 19

‘మీరు’ గారి అన్న కూతురికి,

పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను ‘మీరు’ అనడం ఇదే మొదలు. చదివి లేచి నిలబడ్డాను, ఎవరో ఆఫీసరమ్మ వచ్చిందనుకొని.

మారేడ్‌పల్లివాళ్ళు ఏమనుకుంటారా? కల్పలతకు చెప్పాను. "పెళ్ళికి నా బ్లౌజు టైముకు ఇస్తవా?" అని అడిగింది. అదీ వాళ్ళు అనుకున్నది.

మీ నాన్న పేరు చెప్పావు గానీ, కోపం మీ నాన్నది కాదు. నీది. నిన్ను పెంచిన దాన్ని, నీ ఉత్తరంలో ఏ అక్షరం ఎవరిదో నాకు తెలుస్తుంది.

నీ పుస్తకంలో ఆ పిల్ల ఎంత బాగా ఏడ్చింది బిడ్డా! అమ్మమ్మ పోతే బొంత మొహానికి అద్దుకొని, నువ్వు నాతోనే ఉన్నావు అంది. ఇప్పుడు అర్థమైంది. చచ్చిపోయిన ఫుప్పు చాలా మంచిది. ఎక్కడికీ పోదు. పిలిచినప్పుడు బొంత కింద నుంచి వస్తుంది, వద్దన్నప్పుడు మడతపెడితే అలమారలో ఉంటుంది. దానికి ఏ కోరికా ఉండదు. తక్లీఫ్ అంతా బతికున్న ఫుప్పుతోనే.

నేను పోతే ఏడుస్తావు, ఓర్చుకుంటావు, పుస్తకం రాస్తావు. బతికుండి సైనిక్‌పురి పోతే మాత్రం ఓర్చుకోలేవా? అక్కడికి బస్సు కూడా ఉంది.

ఇంతకంటే రాయను. హవల్దార్ సాబ్‌కు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన కోటుకు మిగిలింది ఒక్క గుండీయే.

గులాబ్ బీ


హనుమకొండ
సెప్టెంబర్ 9

నా ఫుప్పూ,

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది. దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టాను, కనబడకుండా. రోజూ అన్నం వండాలి కదా, రోజూ కనబడింది. చివరికి కోపం అరిగిపోయి సిగ్గు మిగిలింది.

నువ్వు కనిపెట్టింది నిజమే. అబ్బాను అడ్డం పెట్టుకున్నాను. బడికి సెలవిస్తే నేను వచ్చేది ఎక్కడికి? గేటు తీయగానే నీ మిషిన్ చప్పుడు వినబడాలి. అది ఆగి, నువ్వు కళ్ళద్దాల పైనుంచి చూసి, "వచ్చినవా, చెయ్యి కడుక్కో" అనాలి. అది లేకపోతే ఆ ఇల్లు నా పుట్టిల్లేనా అనిపించింది. నీకూ ఒక ఇల్లు కావాలేమో అన్న ఆలోచన ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా రాలేదు.

సంగతి మహెక్‌కు చెప్పాను. అది ఏడుస్తుందని పక్కన కూర్చోబెట్టుకొని నెమ్మదిగా చెప్పాను. అంతా విని, "అయితే మనం పోనీకి ఇంకో ఇల్లొచ్చింది. ఆడ జోయా సుత ఉంటది" అంది. తర్వాత బిస్కెట్ అడిగింది. అంతే.

ఔనను ఫుప్పూ. ఆ ఆఖరి గుండీ తెగకముందే ఔనను.

పుస్తకం మార్చాను. కొత్త ఐదో పేజీలో అమ్మమ్మ బొంత కుట్టడం పూర్తి చేసి, "ఇక నాకూ ఒక కల కావాలి" అంటుంది. ఇంతవరకూ ఏ కలా లేని ఆకుపచ్చ ముక్క మీద చెయ్యి పెట్టి, బొంత కిందికి దూరి మాయమవుతుంది. పిల్ల వెతుక్కుంటూ ఒక్కో ముక్కలోకీ పోతుంది. ఆకాశంలో లేదు, తోటలో లేదు. (నది పెట్టలేదు, నా పరువు నాది.) చివరికి ఆకుపచ్చ ముక్కలో దొరుకుతుంది. అక్కడ బ్యాండు కోటు వేసుకున్న ఒక తాత బాజా వాయిస్తుంటే, అమ్మమ్మ కాల్చిన మక్కబుట్ట కొరికి తింటూ కూర్చొని ఉంటుంది. పళ్ళతోనే. "ఇంటికి రావా?" అని పిల్ల అడుగుతుంది. "వస్తాను. నువ్వూ ఇక్కడికి వస్తుండు" అంటుంది అమ్మమ్మ.

యామిని గారు అలిగారు. "ఇందులో ఏడిపించేది ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదన్నాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు వాళ్ళమ్మ గారు నాకు ఫోన్ చేసి, "ముసలోళ్ళను చంపని పుస్తకం నువ్వేనా రాసింది? మా పెద్దోళ్ళ సంఘంలో అందరికీ కావాలమ్మా" అన్నారు. ఆ తర్వాత యామిని గారికి పుస్తకం నచ్చింది.

అబ్బాతో నేను మాట్లాడతాను. దసరా సెలవులకు మహెక్‌ను, కొత్త పేజీలను తీసుకొని వలీ ముందుగా వస్తాడు. నేను పేపర్లు దిద్దడం ముగించి నాలుగు రోజుల తర్వాత వస్తాను. అప్పటిదాకా నువ్వు అబ్బాకు ఏమీ చెప్పకు. ఆయన్ను ఎలా దారికి తేవాలో నాకు తెలుసు.

నీ ఖుష్బూ


మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
అక్టోబర్ 2

ఖుష్బూ బేటీ,

మహెక్‌ను నా దగ్గర ఉంచి వలీ రేపు పొద్దున్నే హనుమకొండ బండి ఎక్కుతున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. మీ నాన్నను దారికి తేవడం నీకు తెలుసన్నావు. ఇంక ఆ తక్లీఫ్ తీసుకోకు. నీ కూతురు తెచ్చేసింది.

వచ్చిన రోజు సాయంత్రమే మహెక్ మీ నాన్న ఒడిలో కూర్చొని కొత్త పేజీలు చదివి వినిపించింది. నేను మిషిన్ మీద ఉన్నాను. నీలం ముక్క దగ్గర తన ప్యాంటు గుర్తుపట్టి మీ నాన్న మురిసిపోయాడు. ఆకుపచ్చ ముక్క దాకా వచ్చారు. "గీ బాజా పట్టుకున్నాయన ఎవరు?" అని అడిగాడు. నేను కాలు ఆపేలోపే నీ కూతురు, "జోయా వాళ్ళ తాత. సైనిక్‌పురిల ఉంటడు. గులాబ్ నానీని చేసుకుంటడు. నీకు తెల్వదా?" అనేసింది.

మీ నాన్న నా వైపు చూడలేదు. "అచ్ఛా" అన్నాడు. పేజీలు పక్కన పెట్టి, పిల్లను దించి, లోపలికి పోయాడు. చాయ్ ఇస్తే వద్దన్నాడు. అన్నం దగ్గర వలీ పాపం క్రికెట్ సంగతులు ఎత్తితే, నీళ్ళ గ్లాసు ఇటు జరపమని చెయ్యి చూపించాడు.

ఈ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకొని, గొడుగు పట్టుకొని బయల్దేరాడు. ఎక్కడికి అంటే, "పనుంది" అన్నాడు. గల్లీ చివరదాకా చూశాను, సైనిక్‌పురి బస్సు ఆగే వైపే తిరిగాడు. మీ నాన్న నోరు నీకు తెలుసు. హవల్దార్ సాబ్ నెమ్మదైన మనిషి. కొడుకూ కోడలి ముందు ఏమంటాడో, నన్నేమని తిడతాడో అని ఒకటే గుబులు. హదస్సా వచ్చి పక్కన కూర్చుంది. ఆమె తన దేవుడికి మొక్కుతోంది, నేను నా అల్లాకు. ఒక పంజాబీ డ్రెస్సుకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను.

సాయంత్రం అవుతుండగా వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము, మోచేతి మీద గీరుకుపోయింది. కొట్టుకున్నారనే అనుకున్నాను. వలీ పరుగున ఎదురుపోయాడు. మీ నాన్న కుర్చీలో కూలబడి, నన్ను చూసి ఒక్కసారిగా అందుకున్నాడు.

"గదేం ఇల్లు గులాబ్! ఏం తెలివి ఆ మనిషిది! తూర్పు దిక్కు ఒక్కటే కిటికీ. దానికి అడ్డంగ ఇంత పెద్ద బీరువా పెట్టిండు. మా చెల్లె మిషిన్ ఏడ పెడ్తది, చీకట్ల సూదిల దారం ఎట్ల ఎక్కిస్తది అని అడిగిన. మూగ మొహం ఏసుకొని నిలబడ్డడు. ఎన్నడన్న ఆలోచించిండా?"

నేను లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇద్దరం కలిసి జరిపినం. ఫౌజీ ఫౌజీ అంటడు గని, దమ్మే లేదు. బరువంత నేనే మోసిన. ఇప్పుడు కిటికీ కాడ మిషిన్ పడుతది, పక్కన బట్టల మూట సుత పడుతది. నా చెయ్యేసి కొలిచిన." గొడుగును గోడకు ఆనించాడు, అది జారి పడింది, మళ్ళీ ఆనించాడు. "ప్రతి శుక్రారం జుమ్మా నమాజ్ అయినంక నేను ఆడికే అన్నానికి వస్తనని చెప్పిన. రానియ్యకుంటే నిఖా లేదన్న. ఒప్పుకున్నడు."

వలీ మొహం తిప్పుకున్నాడు. హదస్సా "స్తోత్రం" అని, చప్పుడు చేయకుండా గోడ అవతలికి పోయింది. నిఖా రోజు నువ్వు వచ్చాక ఖాయం చేద్దామన్నాడు మీ నాన్న. ఇప్పుడు వంటింట్లో ఉన్నాడు. ఏ డబ్బాలో ఏముందో మహెక్ ఆయనకు మూతలు తీసి చూపిస్తోంది. కారప్పొడి వాసన చూసి తుమ్ముతున్నారు ఇద్దరూ.

నేను మాత్రం ఏడవలేదు బిడ్డా. ఏడ్చేదాన్నే. కానీ నేను ఏడుస్తున్నానని తెలిస్తే మీ నాన్న ఇప్పుడే బస్సెక్కి పోయి, ఆ బీరువాను ఎక్కడిది అక్కడ పెట్టి వస్తాడని భయం వేసింది. తొందరగా రా.

నీ ఫుప్పు,
గులాబ్ బీ